వాసన చూసి చెప్పేస్తాననే పెద్దమామయ్యగారికి ఎలా చెప్పాలి?

గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణం నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ఆమె, భర్త కలిసి కొన్నేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నారు. పప్పు, సాంబారు, రసం, రెండు వేపుళ్లు, ఒక ఇగురు, ఆదివారం కోడికూర, రోజూ పొద్దున్నే పులిహోర. రిజిస్ట్రేషన్ ఆమె పేరు మీద ఉంది. వంట మాత్రం భర్త పెదనాన్నగారిది. ఒకప్పుడు ఆయన పెళ్లివంటల మేస్త్రి. ఇప్పుడు అరవై దాటాయి. చేతిలో పైసా లేని రోజుల్లో కొట్టు పెట్టమని ధైర్యం చెప్పిందీ, తన గుండిగలు, డేగిసాలు తెచ్చి ఇచ్చిందీ ఆయనే.

ఆ మధ్య ఒక ఆదివారం పక్కవీధి మాస్టారు రెండు పొట్లాల పులిహోర పట్టుకెళ్లారు. తిన్నది ఆయన తల్లి, చిన్నకూతురు. మిగతావాళ్లు ఇంట్లో ఇడ్లీ తిన్నారు. రెండు గంటలు తిరగకుండానే తిన్న ఇద్దరికీ వాంతులు. పాపకు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. మర్నాటికి ఇద్దరూ కోలుకున్నారు. మాస్టారు కొట్టుకు వచ్చి, నలుగురిలో గొడవ చేయకుండా, ‘ఒకసారి చూసుకోండమ్మా’ అని మాత్రం అని వెళ్లారు. భర్త ‘బయట ఇంకేదో తిని ఉంటారు’ అని కొట్టిపారేశారు. ఈమెకు మాత్రం గుండె జారిపోయింది. ఆ పులిహోర అన్నం శనివారం మధ్యాహ్నం వార్చింది. అడిగినవారికి అన్నం లేదనకూడదని భర్త ఎప్పుడూ రెండు కిలోల బియ్యం ఎక్కువే పోయిస్తారు. మిగిలింది డేగిసాలోనే మూతపెట్టి రాత్రంతా వంటగదిలో ఉంచి, తెల్లవారుజామున చింతపండు పులుసు, పోపు కలుపుతారు. అది రోజూ జరిగేదే.

తర్వాత ఆమె ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ తరఫున జరిగే ఒకరోజు శిక్షణకు వెళ్లారు. అక్కడ విన్నది ఇంటికి వచ్చి చెబితే పెద్దమామయ్యగారు, ‘ఎన్ని వందల పెళ్లిళ్లకు వండాను, ఒక్కరైనా మంచం పట్టారా? పాడైందో లేదో వాసన చూసి చెప్పేస్తాను. నాకు నువ్వు పాఠం చెబుతావా?’ అని అలిగి రెండు రోజులు కొట్టుకే రాలేదు. భర్త వెళ్లి బతిమాలి తీసుకొచ్చి, ‘ఇక ఆ ఊసెత్తకు’ అన్నారు. అత్తగారు ‘మేమంతా చద్దన్నం తిని పెరగలేదా?’ అన్నారు. తప్పు మాదేనా, మాస్టారికి చెప్పాలా, పెద్దాయనను నొప్పించకుండా పద్ధతి మార్చడం ఎలా, మార్చలేకపోతే కొట్టు మూసేయాలా అన్నవి ఆమె ప్రశ్నలు. వీటి మధ్యలో మరికొన్ని చిన్న సంగతులు రాశారు. పొట్లాలు కట్టే అమ్మాయి వేలు తెగి గుడ్డ కట్టుకుని పనిచేస్తోందట. భర్త సాయంత్రం పూట షవర్మా బండి పెడదామంటున్నారట. ఇంట్లో అత్తగారు చేపల పులుసు రాత్రంతా పొయ్యి మీదే ఉంచుతారట.

అమ్మా, ముందు మీ మొదటి ప్రశ్న. తప్పు మీదేనని రుజువు చేసే అవకాశం ఇప్పుడు లేదు. ఆ పులిహోర నమూనా ఎవరి దగ్గరా లేదు, పరీక్షకు పంపలేదు. కానీ అనుమానించడానికి కావలసినంత ఉంది. ఒకే ఇంట్లో పులిహోర తిన్న ఇద్దరూ పడ్డారు, తినని వాళ్లకు ఏమీ కాలేదు. రెండు గంటల్లో వాంతులు మొదలయ్యాయి, ఒక్క రోజులో తగ్గాయి. రాత్రంతా గది వేడిలో ఉన్న అన్నం నుంచి వచ్చే జబ్బు సరిగ్గా ఇలాగే ఉంటుంది. కాబట్టి మీ వారి మాట నమ్మాలని మీకు ఎంత ఉన్నా, మీ గుండె జారడంలో అర్థముంది.

శిక్షణలో చెప్పే ఉంటారు, అయినా మళ్లీ చెబుతాను. పెద్దాయనతో మీరు మాట్లాడాల్సింది దీని గురించే. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా మట్టిలో ఉంటుంది, అక్కడి నుంచి బియ్యంలోకి వస్తుంది. అన్నం ఉడికేటప్పుడు బ్యాక్టీరియా చచ్చినా దాని బీజాలు చావవు. ఎండిన నేలలో వానకోసం కాచుకున్న విత్తనాల్లా ఉండి, అన్నం గోరువెచ్చగా కాగానే మొలకెత్తుతాయి. డేగిసా నడుమ ఉన్న అన్నం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. మూత పెడితే మరీనూ. అలా పెరిగిన బ్యాక్టీరియా ఒక విషాన్ని వదులుతుంది. ఆ విషం 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా నశించదు. పోపు వేడి దాన్ని ఏం చేస్తుంది? చింతపండు పులుపు కూడా అంతే. పులుపు బ్యాక్టీరియా పెరగకుండా ఆపగలదు, అదీ మొదటే కలిపితే. రాత్రంతా ఊరుకుని తెల్లవారి కలిపిన పులుపు అప్పటికే తయారైన విషాన్ని తీసేయదు.

ఇక వాసన సంగతి. పెద్దాయన ముక్కును నేను తక్కువ చేయను. పప్పు పులిసిందా, నూనె కారుకట్టిందా, కొబ్బరి పాడైందా అన్నది ఆయన మీకంటే ముందే పసిగడతారు. కానీ కుళ్లు వాసన తెచ్చే సూక్ష్మజీవులు వేరు, మనిషిని పడగొట్టేవి వేరు. రెండో రకం పెరిగిన అన్నం చాలాసార్లు పొద్దున వార్చిన అన్నంలాగే ఉంటుంది. రంగు మారదు, జిగురు రాదు, రుచి పోదు. అంటే ఆయన పరీక్ష తప్పు కాదు, ఈ జబ్బుకు ఆ పరీక్ష పనికిరాదు. ఈ తేడా ఆయనకు చెప్పగలిగితే సగం పని అయినట్టే.

మరో సగం ఆయన మాటలోనే ఉంది. వందల పెళ్లిళ్లలో ఎవరూ మంచం పట్టలేదంటున్నారు. నిజమే కావచ్చు, ఎందుకో కూడా ఊహించవచ్చు. పెళ్లిలో అన్నం వార్చిన గంటలోపు విస్తట్లో పడుతుంది. పంక్తి వెంట పంక్తి, గుండిగ ఖాళీ అయ్యేదాకా వడ్డన ఆగదు. సాంబారు పొగలు కక్కుతూనే వస్తుంది. ఆయన నేర్చుకున్న విద్య వండడం, వెంటనే వడ్డించడం. కర్రీ పాయింట్ పని అది కాదు. పదకొండుకు వండింది మూడు దాకా, ఒక్కోసారి రాత్రి ఎనిమిది దాకా అమ్మాలి. దాన్ని నిలవ చేయడమంటారు. ఆ విద్య ఆయనకు ఎవరూ నేర్పలేదు, ఆయనకు అవసరమూ రాలేదు. మీకూ మొన్నటిదాకా తెలియదు కదా.

ఇంకో మాట. రెండు కిలోలు ఎక్కువ పోయించేది ఎవరు? మీరే రాశారు, మీ వారని. మిగిలింది పారేయలేక పులిహోర చేయడం పెద్దాయన మొండితనం కాదు, మీ కొట్టు లెక్క. మిగులుతున్న అన్నాన్ని డబ్బు చేసుకోవడానికి ఆయన పాతకాలపు పొదుపు తెలివి వాడారు. ఆయన్ని దోషిగా నిలబెట్టి మాట్లాడితే ఆయన అలగడంలో న్యాయం ఉంది. నింద ఆయన ముక్కు మీద వేశారు, కారణం మాత్రం గల్లాపెట్టెలో ఉంది.

అత్తగారి చద్దన్నం వాదన కూడా కొట్టిపారేయదగ్గది కాదు. రాత్రి అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి ఉంచితే అది పులుస్తుంది. ఆ పులుపులో చెడ్డ బ్యాక్టీరియా పెరగడం కష్టమవుతుంది. మీ డేగిసాలో అన్నం పులవలేదు, ఊరికే వెచ్చగా కూర్చుంది. పైగా చద్దన్నం ఇంట్లో నలుగురు తింటారు, ఒంటికి పడకపోతే నలుగురికే తెలుస్తుంది. మీరు అమ్మేది ఊరందరికీ. అందులో పసిపిల్లలు, గర్భిణులు, షుగరు ఉన్న పెద్దవాళ్లు ఉంటారు. అయితే చద్దన్నమైనా అన్నివేళలా క్షేమమని నేను హామీ ఇవ్వను. అన్నం గంటల తరబడి వెచ్చగా ఉండి, ఆ తర్వాత నీళ్లు పోసుకుంటే పులవకముందే జరగాల్సింది జరిగిపోయి ఉండవచ్చు.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతికి వస్తాను. పొట్లాలు కట్టే అమ్మాయి వేలి గాయం. అది ఆ ఆదివారం నాటికే ఉందా? ఉంటే, అనుమానితులు ఇద్దరయ్యారు. స్టెఫైలోకాకస్ అనే మరో బ్యాక్టీరియా మన చర్మం మీద, ముక్కులో, ముఖ్యంగా చీము పట్టిన గాయాల్లో ఉంటుంది. అది ఆహారంలో పడి వెచ్చగా పెరిగితే అదీ వేడికి లొంగని విషమే వదులుతుంది. అదీ కొద్ది గంటల్లోనే వాంతులు తెప్పిస్తుంది. ఉడికిన అన్నంలో చేయి పెట్టి పులుసు కలిపింది ఎవరు, పొట్లం కట్టింది ఎవరు అని మీరు ఆలోచిస్తే పెద్దాయన ఒక్కరినే వేలెత్తి చూపే మాట మారిపోతుంది. ఆ అమ్మాయి కూలి తెగిపోతుందని భయపడి గాయం దాచుకుని వస్తోందేమో కూడా చూడండి. గాయం మానేదాకా ఆమెకు గల్లా దగ్గరో, కూరగాయలు లెక్కచూసే చోటో పని ఇవ్వండి, జీతం కోయకండి. తప్పనిసరైతే నీరు చొరని పట్టీ, దాని మీద గ్లవుజు. గుడ్డపీలిక మాత్రం వద్దు. అది తడుస్తుంది, ఆరుతుంది, మళ్లీ తడుస్తుంది. మీ వంటగదిలో మసిగుడ్డ ఉంటుంది కదా, డేగిసా దింపడానికి, బల్ల తుడవడానికి, చేతులు తుడుచుకోవడానికి అన్నిటికీ ఒకటే. ఆ అమ్మాయి చేయి దాని మీద, ఆ గుడ్డ గిన్నె అంచు మీద. పనికో గుడ్డ పెట్టి, సాయంత్రం మరిగే నీళ్లలో వేసి ఎండలో ఆరేయండి.

మాస్టారికి చెప్పాలా? మీ ముందు మూడు దారులున్నాయి. ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. ఆయన సౌమ్యులు, కేసు పెట్టే మనిషిలా లేరు. నడిచిపోతుంది. కానీ ఆయన మళ్లీ మీ కొట్టుకు రారు, ఎందుకు రావడం లేదో వీధికి ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది. రెండోది, ‘అది మా పులిహోర వల్లే, క్షమించండి’ అని ఒప్పేసుకోవడం. మీకు కచ్చితంగా తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పనక్కరలేదు, పైగా ఇంట్లో మీ వారికీ మీకూ పెద్ద రగడ అవుతుంది. మధ్యలో ఒకటుంది. మీరిద్దరూ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, ‘కారణం ఇదేనని చెప్పలేం, కానీ మీరు చెప్పాక చూసుకుంటే అన్నం నిలవ ఉంచే పద్ధతిలో లోపం కనిపించింది, మార్చుకున్నాం. ఆసుపత్రి ఖర్చు మేం ఇస్తాం’ అనడం. నాకు ఇది మేలనిపిస్తుంది, అయితే ఒక షరతు. మార్చుకున్నాకే వెళ్లాలి. ముందు వెళ్లి తర్వాత మారుద్దామంటే, రేపు మరొకరికి ఇలాగే అయినప్పుడు ఆ మాట మీ మెడకే చుట్టుకుంటుంది.

చట్టం సంగతి మీకు భయం పెట్టడానికి చెప్పడం లేదు. రిజిస్ట్రేషన్ మీ పేరు మీద ఉంది కాబట్టి బాధ్యత మీది, వండిన చేయి ఎవరిదైనా. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం అపరిశుభ్రంగా తయారుచేసినందుకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. లోపాలు సరిదిద్దుకోమని గడువిచ్చి నోటీసు ఇచ్చే వీలూ అదే చట్టంలో ఉంది. ఎవరూ నోటీసు ఇవ్వకముందే సరిదిద్దుకునే అవకాశం ఇప్పుడు మీ చేతిలో ఉంది.

ఇక పులిహోర. ఉన్నపళాన ఆపేయడం అన్నిటికన్నా తేలిక. పొద్దుటి బేరం కొంత పోతుంది, బదులు ఉప్మాయో ఇంకేదో వేడివేడిగా అమ్ముకోవచ్చు. లేదా పులిహోర కోసమే తెల్లవారుజామున విడిగా అన్నం వార్చండి. గ్యాసు, ఒక గంట నిద్ర ఖర్చవుతాయి, రుచి మాత్రం మెరుగవుతుంది. నేనైతే దీనికే మొగ్గుతాను. మూడోది, మిగిలిన అన్నాన్నే వాడుకోవడం. వీలుకాదనను గానీ దానికి కట్టుబాటు కావాలి. మధ్యాహ్నం వడ్డన తగ్గగానే, అన్నం ఇంకా పొగలు కక్కుతుండగానే, వెడల్పాటి పళ్లాల్లో రెండంగుళాల మందాన పరచాలి, ఫ్యాను కింద గంటలో చల్లార్చాలి, ఫ్రిజ్‌లో పెట్టాలి, పొద్దున తీసిన వెంటనే వాడాలి. సాయంత్రం గుర్తొచ్చి పెడితే లాభం లేదు. డేగిసాను అలాగే ఫ్రిజ్‌లోకి తోసేస్తే అంతకన్నా దండగ. నడుమ అన్నం తెల్లారేదాకా వెచ్చగానే ఉండి, పక్కనున్న పాలను కూడా వేడెక్కిస్తుంది. కరెంటు పోయే ఊరిలో ఇది నమ్ముకోదగ్గ పద్ధతి కాదు. వీటన్నిటికన్నా ముందు, ఆ రెండు కిలోల బియ్యం తగ్గించమని మీ వారిని అడగండి. మధ్యాహ్నం ఒకరిద్దరికి అన్నం లేదని చెప్పడం వల్ల పోయే డబ్బు ఎంతో ఒక నెల రాసి చూడమనండి.

సాంబారు, పప్పు, కోడికూరలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య ఆహారం ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది, రెండు గంటలు దాటనివ్వకూడదు. కాబట్టి అమ్మినంతసేపూ పొయ్యి మీదే, సన్నని సెగన 60కి పైనే ఉంచండి. సాయంత్రానికి దాచాల్సింది ఉంటే మరిగాక చిన్న గిన్నెల్లోకి పంచి, చన్నీళ్ల తొట్టిలో నిలబెట్టి గరిటెతో తిప్పుతూ చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మళ్లీ అమ్మే ముందు వెచ్చబెట్టడం చాలదు, తెర్లా మరగాలి. పెద్ద గుండిగలో మిగిలిన కోడికూర నెమ్మదిగా చల్లారేటప్పుడు పెరిగే మరో బ్యాక్టీరియా ఉంది. దానివల్ల వాంతుల కంటే కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు ఎక్కువ, అదీ అర్ధరాత్రో మర్నాడో. అందుకే మీ కొట్టు పేరు ఎవరికీ గుర్తు రాదు.

పెద్దాయన దగ్గర ఏం చేయవచ్చో ఇప్పుడు చూద్దాం. పని పంచుకోవడం ఒక పద్ధతి. పొయ్యి మీద ఉన్నంతసేపూ ఆయన మాటే వేదం. పొయ్యి దిగాక ఎంతసేపు ఉంచాలి, ఎలా చల్లార్చాలి, ఏది పారేయాలి అన్నది మీది. కొట్టు మీ పేరు మీద ఉంది, రేపు అధికారి వస్తే మీరే జవాబు చెప్పాలి అని చెప్పండి. అది నిజం కాబట్టి ఆయనకు చిన్నతనం కాదు. సూదిలా గుచ్చి చూసే థర్మామీటర్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. ఒకటి కొని ఆయన చేతికే ఇవ్వండి. వాసనతో చెప్పగలిగినవాడికి అంకె చూపిస్తే, రెండు రోజులు వెక్కిరించినా మూడో రోజు తానే గుచ్చి చూస్తారు. వార్చిన అన్నం డేగిసా నడుమ సాయంత్రం ఆరుకు ఎన్ని డిగ్రీలుందో ఆయన కళ్లతో చూడనివ్వండి.

ఆయన్నే శిక్షణకు పంపడం మరో దారి. మీరు చెబితే కోడలు చెప్పినట్టు, బయటివాళ్లు చెబితే తోటి మేస్త్రి మాట్లాడినట్టు. వెళ్లనంటారేమో. వెళితే మాత్రం ఆ సర్టిఫికెట్ ఆయన పేరుతో కొట్టులో కట్టించి పెట్టండి. ఆహారం ముట్టుకునే ప్రతి ఒక్కరికీ ఏటా వైద్యపరీక్ష, టైఫాయిడ్ టీకా ఉండాలని నిబంధన. మీరూ మీ వారూ ముందు చేయించుకుని, తర్వాత ఆయన్ని, ఆ అమ్మాయిని తీసుకెళ్లండి. తనొక్కరినే అనుమానిస్తున్నారన్న బాధ ఉండదు.

ఆయన్ని తప్పించడం చివరి మార్గం. ఆ ఆలోచన మీ ఉత్తరంలో పైకి రాయకపోయినా వరుసల మధ్య ఉంది. న్యూయార్క్‌లో మేరీ మలన్ అనే వంటమనిషి ఉండేది. ఆమెకు జబ్బు లేదు గానీ ఒంట్లో టైఫాయిడ్ క్రిమి ఉంది. 1907లో పట్టుకుని నిర్బంధించారు, ఇక వండనని మాట తీసుకుని 1910లో వదిలారు. బట్టలుతికే పనిలో వంటకు వచ్చినంత జీతం రాలేదు. పేరు మార్చుకుని మళ్లీ వంటగదిలోకి వెళ్లింది. 1915లో ఒక ఆసుపత్రిలో ఆమె వంట వల్ల 25 మందికి టైఫాయిడ్ సోకింది. చేసుకున్నది ఆమే, కానీ ‘వండకు’ అన్నవాళ్లు ఆమెకు బతుకుతెరువు చూపలేదు. మీ పెద్దమామయ్యగారిని పంపేస్తే ఆయన ఇంకో చోట, మీరు లేని చోట, ఇదే పద్ధతిలో వండుతారు. మీ ఇంట్లోనూ మాటలు తెగిపోతాయి. ఆయన కదలనే కదలనంటే, ఒక్క పులిహోర మీ చేతుల్లోకి తీసుకుని మిగతా వంట ఆయనకే వదిలేయండి. కొట్టు మూసేయాల్సినంత పరిస్థితి నాకు కనిపించలేదు.

షవర్మా సంగతి మీ వారికి చెప్పండి, అన్నం సరిచేసుకోక ముందు అది వద్దేవద్దు. దాంతో వచ్చే మయోనైజ్ పచ్చి గుడ్డుతో చేస్తే సాల్మొనెల్లా భయం ఉంటుంది. హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయి, పలువురు ఆసుపత్రి పాలైన తర్వాత తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చి గుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. కేరళ అంతకుముందే, 2023లో ఆ పని చేసింది.

చేపల పులుసు మర్నాటికే రుచి అని అత్తగారు అనే ఉంటారు. ఆ మాటలో తప్పులేదు, ఆమెతో వాదించకండి. పులుసు దించాక తినగా మిగిలింది చిన్న గిన్నెలోకి తీసి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టమనండి. మర్నాడు అందరికీ కావలసినంత మాత్రం వేరే గిన్నెలో మరిగించుకుని, మిగతాది బయటికి తీయకుండా ఉంచమనండి.